దొర ఒక మాట, శాంతయ్య పది మాటలు

పోయిన వారం మనం ఎలీషబాను ఇంటి ముందర, చేతిలో చాట, చాటలో కొర్రలు, మొహంలో అయోమయం పెట్టి నిలబెట్టి వచ్చినాం. పాపం వారమంతా అట్లనే నిలబడి ఉంటది. ఇంక కదిలిద్దాం.

మధ్యలో చేరినవాళ్ళ కోసం సంగతి చెప్తా. కంభం అవతల సీయోనుపేట అని ఒక చిన్న పేట. అందరూ క్రైస్తవులు, అందరూ కూలికి పోయేవాళ్ళే. ఆ పేటలో ఏబేలు, దీనమ్మల కూతురు ఎలీషబా మిషను ఖర్చు మీద మద్రాసు పోయి బి.ఏ. చదువుకోని వచ్చింది. చదివింది ఇంగ్లీషు సాహిత్యం, పక్కన ఫ్రెంచి. ఫ్రెంచి ఎందుకంటారా? కాలేజీలో ఆ క్లాసుకు పిల్లలు తక్కువ, పైఖర్చులకు ఇచ్చే స్కాలర్‌షిప్పు ఎక్కువ. ఆ కిటుకు తెలియని పేటవాళ్ళు "మా పిల్లకు మూడు భాషలొచ్చు" అని సంతలో చెప్పుకోని మురిసిపోయినారు. "ఫ్రెంచి ఏ తాలూకాలో మాట్లాడతారమ్మా?" అని రైల్లో ఒక పెద్దమనిషి నిజంగానే అడిగినాడు. అడగాల్సిన ప్రశ్నే మరి.

తిరిగొచ్చినాక ఉద్యోగం వేట మొదలైంది. స్కూలుకు పోతే ట్రైనింగు ఏదీ అన్నారు. ట్రైనింగుకు పోతే సీట్లు అయిపోయినాయి అన్నారు. కోర్టులో తర్జుమా చేసే మనిషి కావాలంటే అక్కడికీ పోయింది. గుమాస్తా మర్యాదగానే చెప్పినాడు: "ఆడమనిషి ఈడికి సాక్షిగా రావొచ్చు, ముద్దాయిగా కూడా రావొచ్చు. తర్జుమాకు రావడం మేం యాడా చూడలేదమ్మా." ఆఖరికి మార్కాపురంలో ఒక పలకల వ్యాపారి దుకాణం మెట్లెక్కింది.

"టైపు కొడతావా?" అన్నాడాయన.

"రాదండి."

"పద్దు రాస్తావా?"

"రాదండి."

"మరి నీకొచ్చేదేంది తల్లీ?"

ఒక ఇంగ్లీషు పద్యం ఎందుకు బాగుందో పది పేజీలు రాయగలదు ఎలీషబా. ఆ మాట, చుట్టూ పలకలు చెక్కే చప్పుడు మధ్యలో నిలబడి చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికి తిరిగొస్తే, "సోమవారం నుంచి రెడ్డోళ్ళ చేనికి కలుపుకు పోదాం పా, ఇంట్లో కూచుంటే పిచ్చెక్కుతాది" అని దీనమ్మ కొంగు నడుముకు చుట్టింది.

అదిగో, అప్పుడు వచ్చింది పిలుపు. మిషనులో ఆస్తులు, స్కూళ్ళు చూసే విట్లాకు దొరకు ఒక మనిషి కావాల. దొరలందరూ వచ్చిన ఏడాదికే తెలుగులో ప్రసంగాలు దంచుతారు గానీ ఈ దొరది వేరే కథ. తెలుగు పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి కూచోవడమే మానుకున్నాడు. "బాగున్నారా", "చాలు", "వేడినీళ్ళు", ఈ మూడు మాటలతోనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చినాడు. మిగతాదంతా శాంతయ్య చూసుకున్నాడు. బంగళాలో వంట చేస్తా చేస్తా ఇంగ్లీషు పట్టుకున్న మనిషి. ఇప్పుడు శాంతయ్య ముసలాడైనాడు. ఈసారి డిగ్రీ ఉన్న మనిషిని పెట్టుకుంటానన్నాడు దొర. ఆదివారం సీయోనుపేట చర్చిలో తను మాట్లాడేది ఎలీషబా తెలుగులో చెప్పాల. ఉన్నది ఉన్నట్టు చెప్తే, ఉద్యోగం ఆమెది. పర్మనెంటు.

శనివారం పొద్దుగూకేటప్పుడు శాంతయ్య వాళ్ళింటికొచ్చి, కూచోకుండానే ఒక మాటన్నాడు: "అమ్మా, రేపు దొర ఏమన్నా అన్నది అన్నట్టే చెప్పు. స్థలం మాట ఎత్తినాడనుకో, అప్పుడు మాత్రం నోరు తెరవకముందు ఒక్కసారి నా వైపు చూడు."

ఎందుకని అడిగేలోపల వెళ్ళిపోయినాడు. చాట పట్టుకోని ఎలీషబా నిలబడిపోయింది అందుకే.

---

ఆదివారం చర్చి నిండింది. ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క, చాపల మీద. వంటకు తీసేటప్పుడల్లా పక్కన పెట్టిన పిడికెడు గింజలు గుడ్డసంచుల్లో కట్టుకోని వచ్చి, ఆడవాళ్ళు ముందర గంపలో పోసినారు. జొన్నలు, కొర్రలు, ఎవరింట్లోనో పండగ జరిగినట్టుంది, కొంచెం బియ్యం. దొర బల్ల దగ్గర నిలబడినాడు. ఆయన పక్కన, ఇన్నేళ్ళూ శాంతయ్య నిలబడి నిలబడి నున్నగా అరిగిన బండ మీద, ఎలీషబా నిలబడింది. శాంతయ్య మొట్టమొదటిసారి జనంలో, ముందు వరసలో కూచున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెలియనట్టు ఒకసారి మోకాళ్ళ మీద, ఒకసారి చంకల్లో పెట్టుకుంటున్నాడు.

దొర గొంతు సవరించుకోని ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పినాడు. చెప్పి, అలవాటుగా కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టినాడు.

"మిమ్మల్ని చూసి సంతోషం," అంది ఎలీషబా.

అంతే. దొర అద్దాలు ఇంకా సగం కూడా తుడవలేదు. ఉలిక్కిపడి పెట్టుకున్నాడు. జనం మిగతా మాట కోసం ఎదురుచూస్తా ఉన్నారు. మిగతా మాట లేదు.

"రాత్రిబడికి పిల్లలు సరిగ్గా రావడం లేదు. వచ్చే నెలలో హాజరు చూస్తాను," అంది మళ్ళీ, దొర చెప్పినంతే.

ఎడమ పక్క గుసగుసలు లేచినాయి. "ఏంది, దొరకు జరమొచ్చిందా? ఇట్ల మాట్లాడుతుండాడే?"

ఎలీషబాకు మెల్లమెల్లగా అర్థమైతా వచ్చింది. శాంతయ్య ఈ బండ మీద నిలబడినప్పుడు దొర ఒక మాటంటే పది మాటలయ్యేవి. "ఈ ఏడు వానలు తక్కువ, విచారం" అని దొర అన్నాడనుకో, శాంతయ్య నోట్లోంచి అది ఇట్ల వచ్చేది: "నా బిడ్డలారా, రాత్రి నాకు కునుకు లేదు. మీ కొర్రచేలే కళ్ళముందు ఎండినాయి. గురవమ్మ మోకాలు ఎట్లుందో ఏమో, కొండయ్య ఎద్దు లేచిందో లేదో అని పొర్లినాను." గురవమ్మ కళ్ళొత్తుకునేది. కొండయ్య ఎద్దు సంగతి దొరకు కూడా తెలుసా అని పేటంతా నెల రోజులు చెప్పుకునేది. అటు నుంచి ఇటూ అంతే. "మా కూలీల ముందర మీ బడి పంతులు కాలు మీద కాలేసుకోని కూచుంటాడు, వాన్ని పీకెయ్యి" అని పేటవాళ్ళు మండిపడితే, దొర చెవికి "పంతులు కష్టపడుతున్నాడు, మీకు కృతజ్ఞత" అని చేరేది. తెలుగు చానా పొడుగు భాష అని దొర అనుకున్నాడు. ఇంగ్లీషు చానా పొట్టి భాష అని పేట అనుకుంది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

గురవమ్మకు మాత్రం ఓపిక అయిపోయింది. "ఏమ్మే ఎలీషా! ఆయన నోరు తెరిచి మాట్లాడితే నువ్వు ఇంత చిటికెడా మాకు పెట్టేది? మిగతాది కొంగున కట్టుకుంటుండావా?"

"లేదత్తా. దొర అన్నది అంతే."

"పేటలో ఉన్నప్పుడు గలగలా వాగేదానివి. మద్రాసు పంపిస్తే మాటలు తగ్గించి పంపినారే!"

అందరూ నవ్వినారు. దొర కూడా, ఎందుకో తెలియకపోయినా, నవ్వినాడు. శాంతయ్య ఒక్కడే నవ్వలేదు.

దొర నవ్వు ఆపి, బల్ల మీద రెండు చేతులు ఆనించి, ఈసారి పొడుగ్గా మాట్లాడినాడు. వాక్యం వాక్యానికీ ఎలీషబా కళ్ళు పెద్దవైనాయి.

ఆయన చెప్పింది ఇది. మీరు ఇండ్లు వేసుకున్న స్థలం మిషనుది. మాకు అవసరం పడేదాకా ఉండొచ్చని తొమ్మిదేళ్ళ కింద చెప్పినాను, మీరు ఒప్పుకున్నారు. ఇప్పుడు అవసరం పడింది. అమెరికాలో మాకు చందాలు పంపేవాళ్ళ బ్యాంకులు మూతపడినాయి. చర్చి, బడి ఉన్న చోటు తప్ప మిగతా స్థలమంతా అమ్మమని ఆర్డరొచ్చింది. పంట ఇండ్లకు చేరినాక మీరు ఖాళీ చెయ్యాల.

చెప్పి, ఎలీషబా వైపు తిరిగి, తల ఊపినాడు. నీ వంతు అని.

పేటలో పుట్టిన ఏ పసిగుడ్డును అడిగినా తొమ్మిదేళ్ళ కింద ఆ రోజు దొర ఏమన్నాడో చెప్తాది. "ఈ స్థలం మీది, మీ బిడ్డలది, బిడ్డల బిడ్డలది" అన్నాడు. ఆ మాట నమ్ముకోనే అందరూ రెడ్డి చేని గట్టు మీద గుడిసెలు పీక్కోని వచ్చినారు. ఆ మాట తర్వాతనే ఎలీషబా నాయన ఏబేలు, గని దగ్గర పారేసిన పలకరాయి ముక్కలు నెత్తిన మోసి మోసి గోడ కట్టినాడు. ఆ మాట దొరదని అందరికీ తెలుసు.

వాళ్ళు విన్న గొంతు మాత్రం శాంతయ్యది.

ఎలీషబా శాంతయ్య వైపు చూసింది. ఆయన అప్పటికే ఆమెను చూస్తా ఉన్నాడు. వద్దు అన్నట్టు, కనిపించీ కనిపించకుండా తల అడ్డంగా తిప్పినాడు.

ఆయన్ని అడగాల. ఎట్ల? తెలుగులో అడిగితే పేటంతా వింటాది. ఇంగ్లీషులో అడిగితే దొర వింటాడు. ఫ్రెంచిలో అడుగుదామంటే, ఆ చర్చిలోనే కాదు, ఆ జిల్లాలోనే ఆమెకు తప్ప ఎవరికీ రాదు. మూడు భాషలొచ్చిన మనిషికి ఒక ముసలాయనతో గుట్టుగా నాలుగు ముక్కలు మాట్లాడేదానికి భాష లేదు.

"ఏమన్నా ఇబ్బందా మిస్ ఎలీషబా?" అన్నాడు దొర.

"అందరూ మోకాళ్ళ మీదికి రండి," అంది ఎలీషబా జనంతో. "ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోండి. గట్టిగా." దొరవైపు తిరిగి ఇంగ్లీషులో, "ముందు ప్రార్థన చేసుకుంటామంటున్నారు," అంది. బి.ఏ. పాసైనాక ఆమె చేసిన మొదటి తప్పు తర్జుమా అది.

సీయోనుపేటలో ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోవడమంటే మనసులో గొణుక్కోవడం కాదు. అందరూ ఒక్కసారే నుదురు చాపకు ఆనించి, ఎవరి కష్టం వాళ్ళు నోరారా దేవునికి చెప్పుకుంటారు. కప్పు ఎగిరిపోతాదేమో అన్నట్టు ఉంటాది. పక్కనోని మాట పక్కనోనికి వినపడదు. దొర ముచ్చటపడిపోయి ఆయన కూడా బల్ల పక్కన మోకరించినాడు.

ఎలీషబా పోయి శాంతయ్య పక్కన మోకరించింది. ఇద్దరి నుదుర్లూ చాప మీద. ఇద్దరి నోర్లకూ జానెడు దూరం.

"తాతా, దొర ఆ రోజు ఏమన్నాడు? నిజం చెప్పు."

"వాడుకోండి, అడిగినప్పుడు లెయ్యాల అన్నాడు."

"మరి నువ్వేమని చెప్పినావు?"

"నీకు తెలుసు గదమ్మా నేనేం చెప్పినానో."

"ఎందుకు తాతా?"

"అడిగినప్పుడు లెయ్యాలంటే ఎవడన్నా ఇల్లు కడతాడా? మీ నాయన ఆ రాళ్ళు మోస్తాడా? మళ్ళీ రెడ్డి గట్టుకే పోతారు. రెడ్డికి కోపమొచ్చిన రోజు గుడిసె నెత్తిన పెట్టుకోని బయటికే. మందిని ముందు నిలబెడదాం, తర్వాత దొర మనసు కరగదా అనుకున్నా. ఈ క్రిస్మస్‌కు అడుగుదాం, వచ్చే క్రిస్మస్‌కు అడుగుదాం అనుకుంటానే ఉన్నా."

"తొమ్మిదేళ్ళు!"

"మెల్లగా, అమ్మా." కుడిపక్క ఎవరో ఎద్దు కోసం ఏడుస్తా ఉన్నారు. ఆ ఏడుపు పెరిగేదాకా ఆగి, శాంతయ్య ఇంకా కిందికి వంగినాడు. "ఇంకొకటుంది. ఇంతవరకు వచ్చినాక దాస్తే పాపం. ఆ రోజు దొర ఒక ప్రశ్న అడిగినాడు. ఎవరో ఒక దొరసాని చనిపోతా పోతా ఈ పేట పేరు మీద కొంత సొమ్ము రాసిందంట. ఆ సొమ్ముతో రెండిట్లో ఒకటి చెయ్యొచ్చంట. ఈ స్థలం మీ పేర రిజిస్ట్రీ చేయించొచ్చు. లేదంటే పేటలో ఒక బిడ్డను ఎంతవరకు చదివితే అంతవరకు చదివించొచ్చు. ఏది కావాల్నో మీ వాళ్ళను అడిగి చెప్పు అన్నాడు."

ఎలీషబాకు చాప వాసన ఒక్కసారిగా ఎక్కువైంది. మట్టి, చెమట, పాత గింజలు.

"నువ్వు అడిగినావా?"

"లేదు."

"ఏమని చెప్పినావు?"

"చదువు అని చెప్పినా."

చుట్టూ అందరూ దేవునితో మాట్లాడుతున్నారు. ఆమెకు ఎవరితో మాట్లాడాల్నో తెలియలేదు.

"నువ్వు బడిలో అప్పచెప్పే పద్యాలు దొరసానులు నిలబడి వినేవాళ్ళు," అన్నాడు శాంతయ్య. "అప్పుడు నాకు తోచిందేందంటే, స్థలం ఒకసారి వస్తాది, పోతాది. బి.ఏ. చదివిన మనిషి మన పేటలో ఉంటే కలెక్టరు కచేరీలో కుర్చీ వేస్తారు. దొర భాషలోనే దొరను అడుగుతాది. ఈ స్థలమేంది, ఇట్లాంటివి పది తెస్తాది. బి.ఏ. అంటే అంతని అనుకున్నానమ్మా నేను."

"బి.ఏ. అంటే ఏందో చూసినావు గదా తాతా," అంది ఎలీషబా. "పలకల దుకాణం కూడా వద్దంది. రేపు కలుపుకు పోతుండా."

"రేపటి నుంచి పోవు. ఇది నీ ఉద్యోగం. నేను చెప్పినట్టు చెప్పు. దొర ఇంకా ఆలోచిస్తుండాడు, వచ్చే ఏడు చూస్తానన్నాడు అని చెప్పు. ఈలోపల నేను ఆయన కాళ్ళు పట్టుకుంటా."

"వచ్చే ఏడు రాదు. కోతలైనాక మనుషులొచ్చి గోడలు పీకుతారు. ఆ రోజు ఏం తర్జుమా చెయ్యాల? 'నా బిడ్డలారా, రాత్రి నాకు కునుకు లేదు' అనా?"



ప్రార్థనలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. వాన వెలిసేటప్పుడు చూడండి, పెద్ద చప్పుడు పోయి ఒక్కొక్క చూరు చుక్క వినపడుతాదే, అట్ల. కడకు గురవమ్మ గొంతు ఒక్కటే మిగిలింది. పేటలో ఎప్పుడూ ఆమెదే పొడుగు ప్రార్థన. పిల్లలు దానికోసమే ఆదివారమంటే భయపడేది.

"తండ్రీ," అంటా ఉంది గురవమ్మ, "నా కొడుకు రెండో అర ఎత్తుతుండాడు. దూలానికి మాను దొరికింది, నీకు స్తోత్రం. మా అత్త సచ్చేదాకా ఇంకొకరి గట్టు మీద ఉండి, ఇంకొకరి గట్టు మీదనే సచ్చింది. నేను నా ఇంట్లో సస్తా, నీకు స్తోత్రం. ఈ స్థలం ఇచ్చిన దొరను చల్లగా చూడు. ఆయన బిడ్డల్ని చల్లగా చూడు. ఆమెన్."

"ఆమెన్," అన్నారందరూ. "ఆమెన్," అన్నాడు దొర, తనకోసమే ప్రార్థన చేసినారని తెలియకుండా.

ఎలీషబా లేచి బండ మీదికి పోయింది. శాంతయ్య దారిలోనే నిలబడి, దొర చెప్పింది కొంచెం మెత్తగా చెప్పొచ్చు. మెత్తగా చెప్పడానికి కూడా ఆమెకు చదువు చెప్పినారు. కాలేజీలో దానికి మార్కులు కూడా వేసినారు. కానీ గోడ ఎవరిదో, కోతలైనాక ఏమైతాదో, ఆ సంగతి ముందుగా తెలుసుకోవాల్సింది గోడ కట్టినవాళ్ళు. తొమ్మిదేళ్ళుగా ఆ ఒక్క మాట వాళ్ళ దాకా రాలేదు.

ఆమె చెప్పింది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట దాయలేదు. స్థలం మిషనుది. అవసరం పడేదాకా అన్నాం. అవసరం పడింది. కోతలైనాక ఖాళీ చెయ్యాల.

ఎవరూ కదల్లేదు. ఎవరి ఒళ్ళోనో బిడ్డ పాలు తాగే చప్పుడు వినపడింది.

దొర ఆమె వైపు వంగి మెల్లగా అన్నాడు: "చాలా కచ్చితంగా చెప్తున్నావు. శాంతయ్య ఉన్నప్పుడు ఎప్పుడూ గోలగోలగా ఉండేది. వీళ్ళు ఇంత నెమ్మదిగా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఉద్యోగం నీదే అనుకో."

ఆ మాట తర్జుమా చెయ్యమని ఎవరూ అడగలేదు, దేవుని దయ.

"మళ్ళీ చెప్పు," అంది గురవమ్మ.

మళ్ళీ చెప్పింది.

"నీకు రాదు." గురవమ్మ మోకాలు పట్టుకోని లేచింది. "నీకు ఇంగ్లీషు సరిగ్గా రాదమ్మే. మద్రాసులో నీకేం నేర్పినారో ఏమో. అందుకే గదా ఎవరూ ఉద్యోగం ఇయ్యలేదు! శాంతయ్యా, నువ్వు లెయ్. నువ్వు చెప్పు దొర ఏమన్నాడో."

"అవును, శాంతయ్య చెప్పాల!" "ముసలాయన చెప్తేనే దొర మాట!" కుడి పక్క మగవాళ్ళందరూ లేచినారు. వాళ్ళ మొహాల్లో కోపం లేదు, ఆశ ఉంది. కోపమైతే ఎలీషబా తట్టుకునేదేమో.

శాంతయ్య లేచి నిలబడినాడు. పేటంతా ఆయన నోటి వైపు చూసింది. ఆ నోరు ఇన్నేళ్ళు వాళ్ళకు ఎన్ని మాటలిచ్చిందో! పెదవులు ఆడినాయి. పొడుగు మాట ఏదో రాబోయి ఆగిపోయింది.

"పిల్ల సరిగ్గానే చెప్పింది," అన్నాడు.

గురవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు తీసి, ఎలీషబా దగ్గరికి వచ్చి, ఆమెను కాకుండా దొర మొహం చూస్తా అంది: "అయితే అడుగు ఆయన్ని. ఈ స్థలం మీదే అని ఆ రోజు మా ముందర ఎందుకన్నాడో అడుగు."

ఎలీషబా అడిగింది. ఇంగ్లీషులో, ఉన్నది ఉన్నట్టు.

దొర నొసలు ముడిచినాడు. "నేను అట్ల అనలేదే! స్థలమా, చదువా అని అడిగినాను. స్థలం వద్దు, మాకు చదువే కావాలని మీ పెద్దలే చెప్పి పంపినారు. బీదవాళ్ళు అట్లాంటి కోరిక కోరినారని అప్పుడే మావాళ్ళందరికీ గొప్పగా రాసినాను." ఆయన మొహం విప్పారింది. "మీరు ఎంచుకున్నది తప్పు కాలేదు. చూడండి!"

చూడండి అంటా, అరచెయ్యి చాపి, పక్కన నిలబడిన ఎలీషబాను చూపించినాడు.

ఆ చెయ్యి అందరికీ కనిపించింది. అది ఎందుకు చాపినాడో ఎవరికీ అర్థం కాలేదు. అందరూ ఎలీషబా నోటి వైపు తిరిగినారు.

ఇక్కడ ఆగిపోయినా ఎవరూ తప్పు పట్టరు. సగం చెప్పి సగం మింగినా ఎవరికీ తెలియదు. అయినా ఆమె నోరు తెరిచింది.

"స్థలం మనదే అని దొర అనలేదంట. స్థలం రిజిస్ట్రీ చెయ్యాల్నా, ఒక బిడ్డను చదివించాల్నా అని దొర అడిగినాడంట. చదువే కావాలని మన పెద్దలు చెప్పినారంట." ఇంకా చాపే ఉన్న దొర చెయ్యి చూపించింది. "ఆ చదువు నేను."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మాటలు మొదలైనాయి.

"పెద్దలంటే ఎవరు?" కొండయ్య అరిచినాడు. "ఎవరిని అడిగినారు? నన్ను అడగలేదు!"

"నన్నడగలేదు," అన్నాడు అంకయ్య.

"నాకు ఈ మాటే తెలియదు."

"మా ఇంటికి ఎవరూ రాలేదు."

"ఎవరినీ అడగలేదు," శాంతయ్య చేతులు జోడించినాడు. గొంతు పెద్దది చేసినాడు. "ఎవరినీ అడగలేదు అబ్బా, తప్పు నాది. నేనొక్కన్నే చెప్పినా. ఇందులో ఎవరికీ ఏ సంబంధం లేదు. మీరు కొడితే నన్ను కొట్టండి."

వరసగా ఒక్కొక్క మగమనిషీ నన్నడగలేదు, నన్నడగలేదు అంటా వచ్చినాడు. ఆ మాట వాకిలి దాకా పోయి, వాకిలి పక్కన గోడకు ఆనుకోని కూచున్న మనిషి దగ్గర ఆగిపోయింది.

ఏబేలు మెల్లగా లేచినాడు. భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. శాంతయ్య కంగారుగా "నువ్వు కూచో ఏబేలూ, నువ్వు కూచో" అన్నాడు. ఏబేలు ఆయన్ని చూడలేదు. దొరనూ చూడలేదు. గురవమ్మ చూపు తప్పించుకోని, అంత మంది మీదుగా, బండ మీద నిలబడిన కూతురి వైపు చూసినాడు.

"నన్నడిగినారు," అన్నాడు.